గ్రబిట్స్కీ గొంతు పోయిన ఆదివారం

ఫోల్కర్ గ్రబిట్స్కీ ఫుట్‌బాల్ రెండో డివిజన్‌లో చాలాకాలం డిఫెండర్‌గా ఆడాడు. తన్నిన బంతి ఎటు పోతుందో అతనికే తెలిసేది కాదు. మైదానం పక్కన క్యాబేజీలు పెంచుకునే ముసలాళ్లు అతను ఆడే రోజు తోటల్లోకి వచ్చేవాళ్లు కాదు. మోకాలు అరిగిపోయాక మా బొగ్గుగనుల ఊళ్లో మగవాళ్ల జట్టుకు కోచ్ అయ్యాడు. రెఫరీని గుడ్డివాడా అని తిట్టడంతో ఆ కొలువు కాస్తా ఊడింది.

అప్పుడు మా ఆడవాళ్ల జట్టు కెప్టెన్, రొట్టెల దుకాణం ఎడెల్‌ట్రౌట్, కోచ్‌గా రమ్మని అడగడానికి అతని ఇంటికి బయల్దేరింది. జట్టు గోల్‌కీపర్‌నైన నేను తోడు వెళ్లాను.

"ఆడవాళ్లకా? నేనా?" అన్నాడు గ్రబిట్స్కీ.

"మగవాళ్లు గెంటేశారుగా. ఇంకెవరు మిగిలారు మీకు?" అంది ఎడెల్‌ట్రౌట్.

వంటింట్లోంచి అతని భార్య గుడ్రున్ కేకేసింది. "తీసుకుపోండమ్మా, పుణ్యముంటుంది! పొద్దస్తమానం కుక్కకి ఆఫ్‌సైడ్ రూలు నేర్పుతున్నాడు."

వచ్చాడు. వారమంతా అరిచాడు. "నువ్వు కీపర్‌వా, బట్టల కొట్లో బొమ్మవా?" అని నన్ను. తొలి మ్యాచ్ నాటికి గొంతు పూర్తిగా పోయింది. మెడకు గుడ్రున్ మఫ్లర్ చుట్టుకుని గీత పక్కన చేతులూపాడు. ముందుకు పొమ్మంటున్నాడో, వెనక్కి రమ్మంటున్నాడో, ఈగలు తోలుకుంటున్నాడో అర్థం కాలేదు. అతన్ని వదిలేసి ఒకరినొకరం చూసుకుంటూ ఆడాం. మేం ఎన్నడూ ఓడించని జట్టు మీద గెలిచాం.

బీరు తాగుతూ ఎడెల్‌ట్రౌట్ అంది, "కోచ్‌గారూ, వచ్చే ఆదివారం కూడా గొంతు రాకుండా చూసుకోండి."

అతని ముఖం కందిపోయింది. "నేను చెప్పింది ఒక్కటైనా విన్నారా మీరు?" అన్నాడు బొంగురుగా.

"వారమంతా విన్నాం. ఇవాళ చేశాం," అన్నాను.

గ్రబిట్స్కీ గ్లాసు కింద పెట్టాడు. "నేనాడేటప్పుడూ ఎవడో ఒకడు గట్టుమీంచి అరుస్తూనే ఉండేవాడు. ఆ కేకలకే నా కాళ్లు తడబడేవి," అన్నాడు మెల్లిగా.

అప్పట్నుంచి మ్యాచ్ నడుస్తుంటే నోరు మెదపలేదు. అరుపు తన్నుకొస్తే సాసేజ్ ముక్క నోట్లో కుక్కుకునేవాడు. ఆ ఏడు మేం పై లీగ్‌కి ఎక్కాం. అతని ప్యాంట్లు పై సైజుకి ఎక్కాయి.

తర్వాత పెద్ద క్లబ్బొకటి పిలిచింది. వెళ్లి సాయంత్రానికే తిరిగొచ్చాడు.

"ఏమైంది?" అని చుట్టుముట్టాం.

"అక్కడ కోచ్‌ని ఎవరూ వెక్కిరించరట. నాకు పొద్దెలా పోతుంది?"

ముసలాడయ్యేదాకా మాతోనే ఉన్నాడు. మా అమ్మాయీ అతని దగ్గరే ఆట నేర్చుకుంది. గోల్‌లో మాత్రం నిలబెట్టనన్నాడు. "మీ వంశానికి ఒక్క కీపర్ చాలు," అన్నాడు, నా మొహం మీదే.