ఉమ్మడి వాకిలి అనుకున్న మెనూ

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే, అందులో సిస్టంలు మాత్రం రెండు. ఒకటి నాది, ఒకటి మా ఆయనది. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చేవి. పైన ఆయన లినక్స్, కింద నా విండోస్. ముప్పై సెకన్ల లోపు కిందికి బాణం నొక్కితే నాది తెరుచుకునేది. నొక్కకపోతే ఆయనది తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగేది. ఆ పాస్‌వర్డ్ ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పద్నాలుగు నెలల నుంచి ఆయనకు కూడా తెలియదు.

ఆయనకు పక్షవాతం అని దవాఖానలో చెప్పిన రోజు నేను డాక్టరుతో కొట్లాడాను. బీపీ గోళీ రోజూ నా కళ్ళ ముందే మింగాడు, మీరెవరి కాగితమో చూసి చెప్తున్నారన్నాను. డాక్టరు నేను ఆపేదాకా విని, కుడి చెయ్యి, మాట రెండూ పోయాయని, ఆరు నెలల్లో కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. అంతకంటే వాదించడానికి ఏమీ మిగలలేదు. నేను వాదనలో ఓడిపోవడం చాలా తక్కువ. ఆ రోజు ఓడినట్టు కూడా అనిపించలేదు, ఏమీ అనిపించలేదు.

రెండు సిస్టంలు ఎందుకొచ్చాయో చెప్పాలి. నేను మట్టెవాడలో ఇంటి దగ్గరే ఉండి ప్రైవేటు బడులకు పరీక్ష పేపర్లు టైపు చేస్తాను. పాత తెలుగు ఫాంట్లు, పాత సాఫ్ట్‌వేర్, అవి విండోస్‌లో తప్ప నడవవు. ఆయన కాజీపేటలో రైల్వే గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ తాగి ఆ లినక్స్ ముందు కూర్చునేవాడు. దొంగ కాపీ విండోస్ మీద కూర్చుని పిల్లలకు నీతి పాఠాల ప్రశ్నలు టైపు చేస్తున్నావని నన్ను ఎత్తిపొడిచేవాడు. నీది ఉచితం కాబట్టే నీకు వత్తులు ఊడిపోయిన తెలుగు ఇచ్చారని నేను అనేదాన్ని. ఒకసారి నా విండోస్ మొత్తం తీసేస్తానన్నాడు. తీస్తే వంటింట్లో పొయ్యి కూడా తీసెయ్యి, రెండూ నువ్వే నడుపుకో అన్నాను.

చివరికి మా పేటలో అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు పంచుకున్నాం. హార్డ్ డిస్కులో సగం ఆయన వాటా, సగం నా వాటా, మధ్యలో గోడ. ఇక్కడ ఇళ్ళు పంచుకున్నా వాకిలి ఉమ్మడిగా ఉంచుకుంటారు. మొదట్లో వచ్చే ఆ మెనూను నేను అట్లాంటి ఉమ్మడి వాకిలే అనుకున్నాను. పైన ఎవరి పేరుండాలన్న దాని మీద వారం రోజులు మాటల్లేవు. దసరాకు కంప్యూటర్ డబ్బాకు బొట్టు పెడుతుంటే నా వైపు కూడా పెట్టు అన్నాడు. నీ వైపు ఎటో చూపించు, పెడతా అన్నాను. చూపించలేకపోయాడు. ఆ ఒక్క పండుగ నాడు గెలిచినందుకు ఆయన పేరు పైనే ఉండనిచ్చాను.

ఆయన పడిపోయాక నేను ఆయనతో మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టాను. అన్నం పెట్టనా, నీళ్ళు తాగుతావా, ఎండలో కూర్చుంటావా. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నీకింత ఓపిక ఉందని తెలియదు అన్నారు. అది ఓపిక కాదు. చెయ్యి ఒత్తుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, లేచాక కూడా అది మన చెయ్యి కాదన్నట్టు ఉంటుంది. నాకు మొత్తం అట్లాగే ఉండింది. ఆయనేమో దేనికైనా తల ఊపేవాడు. తింటావా అంటే ఊపేవాడు, తిన్నావా అంటే ఊపేవాడు, నేను నీకు అత్తనా అంటే కూడా ఊపేవాడు. అడిగి చూసే చెప్తున్నాను.

ఆ లినక్స్‌ను తీసేయాలని ముందునుంచీ అనుకున్నదేం కాదు. అరగంటకోసారి కరెంటు పోయే రోజు ఒకటి వచ్చింది. అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు నెత్తి మీద ఉన్నాయి. కరెంటు వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ దానంతటదే లేవడం, అప్పుడు నేను ఆయన దగ్గరో వంటింట్లోనో ఉండడం, వచ్చేసరికి తెర మీద ఆయన పేరు, కింద ఖాళీ గడి. మళ్ళీ ఆపి, మళ్ళీ వేసి, బాణం నొక్కడానికి కాపలా కాయడం. నాలుగోసారి ఆయనకు స్నానం చేయించి తడి చేతులతో వచ్చాను. అదే పేరు, అదే ఖాళీ గడి. కోపం రావాలి. రాలేదు. డాక్టరు చెప్పిన ఆరు నెలల గడువు దాటి ఎనిమిది నెలలైంది. ఈ కుర్చీలోకి ఆయన మళ్ళీ రాడని నాకు తెలుసు. తెలిసీ ఆ పేరును రోజూ పైన ఉంచుతున్నాను. తీసేస్తే రాడని నేనే తేల్చేసినట్టు. తీయకపోతే రోజూ దాటుకుంటూ పోవాలి.

నా విండోస్‌లోకి వెళ్ళి డిస్క్ వాటాలు చూపించే చోటు తెరిచాను. ఇన్నేళ్ళు కంప్యూటర్ మీద బతికినదాన్ని, ఆ మాత్రం తెలుసు. పేరు లేని వాటా ఆయనది. దాని మీద నొక్కి డిలీట్ అన్నాను. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. పక్క గదిలోంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. సరే అన్నాను. పాలవాడు రేపు అర లీటరు చాలా అంటే సరే అన్నట్టే అన్నాను.

తర్వాత కంప్యూటర్ ఆపి వేస్తే మెనూ రాలేదు. ఆయనదీ రాలేదు, నాదీ రాలేదు. నల్లటి తెర మీద ఇంగ్లిషులో ఒక్క వరుస, పక్కన మినుకుమినుకుమనే గీత. అంతే. రెండు రోజుల్లో ఇవ్వాల్సిన పేపర్లన్నీ దాని వెనక ఉండిపోయాయి.

చౌరస్తా దగ్గర రిపేరు షాపు భాయ్‌ను పిలిచాను. నా ఈడువాడే, మా కంప్యూటర్ కొత్తగా ఉన్నప్పటి నుంచి ఎరుగును. అద్దాలు పైకి నెట్టుకుని ఆ వరుస చదివి, ఆ వాటా తీసింది ఎవరని అడిగాడు. నేనే అన్నాను. నా వాటాను ముట్టుకోలేదని, ఆయన వాటా మాత్రమే తీశానని, ఉమ్మడి వాకిలిని కదిలించనే లేదని, కాబట్టి నాది లేవకపోవడానికి కారణమే లేదని వాదించాను. అలవాటు కొద్దీ. భాయ్ నేను అయిపోగొట్టేదాకా ఆగాడు.

"ఉమ్మడి ఏం లేదు మేడం. ఆ మెనూ సార్ సిస్టందే. వాకిలి సార్ వాటాల ఉండె. ఇన్నేండ్లు సారే మీకు తోవ ఇచ్చిండు."

నేను స్టూలు మీద కూర్చున్నాను. భాయ్ సంచిలోంచి పెన్ డ్రైవ్ తీస్తూ మామూలుగా చెప్పుకుపోతున్నాడు. తీసేసిన వాటా మీద ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి కావాలంటే ఉన్నదున్నట్టు వాపస్ తేవచ్చట. పాస్‌వర్డ్ లేకున్నా అందులోని ఫైళ్ళు బయటికి తీయవచ్చట. వద్దనుకుంటే సార్‌ది అట్లాగే పోనిచ్చి, నాదొక్కటే సీదా లేచేట్టు చేస్తాడట. ఒకసారి కొత్తది రాస్తే మాత్రం వాపస్ ఉండదట.

"జర సార్‌ను అడిగి చెప్పున్రి," అన్నాడు.

పద్నాలుగు నెలల్లో మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. బీమా కాగితాలప్పుడు గానీ, ఆయన బట్టలు కొన్నప్పుడు గానీ, ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలన్నప్పుడు గానీ అందరూ నన్నే అడిగారు. నేను కూడా నన్నే అడుక్కున్నాను.

పక్క గదిలోకి పోయి ఆయన చక్రాల కుర్చీని తోసుకొచ్చాను. కంప్యూటర్ ముందు పెట్టాను. మెత్తగా చెప్పాలని నోరు తెరిచాను, మెత్తటి మాట దొరకలేదు.

"నీ సిస్టం తీసేసిన. నిన్నడగలే. ఇప్పుడు నాది కూడా లేస్తలేదు."

ఆయన తెర వైపు చూశాడు. ఆ ఒక్క వరుసను చాలాసేపు చూశాడు. చదివాడో లేదో నాకు తెలియదు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఫిట్స్ వస్తున్నాయనుకుని ముందుకు ఉరికాను. ఫిట్స్ కాదు, నవ్వుతున్నాడు. మూతి ఎడమ పక్క ఒక్కటే పైకి లేచింది, కుడి పక్క అట్లాగే ఉంది. చప్పుడు కూడా సగమే వచ్చింది.

"నవ్వుతానవా? ఇన్నేండ్లు నీ గేటు పెట్టుకుని ఉమ్మడిదనే అనుకోనిచ్చినవ్ కదయ్యా. పైన నీ పేరే ఉండాలని వారం దినాలు అలిగినవ్, ఈ ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మోసం కాదా ఇది?"

నోరు రాలేదు అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. భాయ్ గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చూస్తున్నాడు.

"వాపస్ తేవాల్నా, తీసెయ్యాల్నా? నువ్వే చెప్పు. తల మాత్రం ఊపకు, నీ తల ఊపుడు నేను నమ్మ."

ఆయన ఊపలేదు. ఎడమ చెయ్యి ఒళ్ళోంచి లేపి బల్ల మీద పెట్టాడు. దానికి కొంత సేపు పట్టింది. కీబోర్డు మీద వేళ్ళు ఆనించాడు. ఏదో నొక్కుతాడని భాయ్, నేను ఇద్దరం చూశాం. నొక్కలేదు. కీబోర్డునే నా వైపు తోశాడు. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి, బల్ల అంచు దాకా తోశాడు. పడిపోతుంటే నేను పట్టుకున్నాను. ఆయన చెయ్యి తీసేసుకున్నాడు.

నాదొక్కటే సీదా లేచేట్టు చేసెయ్యమని భాయ్‌కి చెప్పాను. సార్‌వి ఫైళ్ళు తీసి పెట్టాలా అన్నాడు. వాటిని మాత్రం పెన్ డ్రైవ్‌లోకి తీయించాను, అందులో ఏముందో ఇప్పటికీ తెరిచి చూడలేదు. అది కావడానికి గంట పట్టింది, మిగతాది అయిదు నిమిషాల పని. కంప్యూటర్ లేచి ఏమీ అడగకుండా నా విండోస్‌లోకి పోయింది. సంతోషం అనిపించలేదు. బాధ కూడా అనిపించలేదు. భాయ్ చాయ్ తాగి పోయాడు.

తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రం ఏడో ప్రశ్న దగ్గర ఆగి ఉంది. జరుగు, పని చేసుకోవాలి అన్నాను. ఆయన జరగలేదు. కుర్చీ బ్రేకు మీద ఎడమ చెయ్యి పెట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. మొన్నటి దాకా అయితే మెల్లగా తోసుకుపోయి ఎండలో కూర్చోబెట్టేదాన్ని. స్టూలు దగ్గరికి లాక్కుని, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, ఆయన భుజం పక్క నుంచి చూస్తూ టైపు చేయసాగాను. చెయ్యి తెరకు అడ్డం పెట్టాడు. పక్కకు తోశాను. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తోశాను.