శంకరం కొండకి చేరాల్సిన రాయి

పక్కింటి అప్ప పోయిందని వాళ్ళబ్బాయి కిందటివారం తెల్లారగానే తలుపు కొట్టి చెప్పాడు. ఏడుపు రావాలి. రాలేదు. నా చూపు తిన్నగా కిటికీ గట్టు మీదున్న రాయి మీదికి పోయింది. ఆ రాయి ఆవిడది, నాకు అక్కలాంటి మనిషిది. మంచం పట్టాక నా చేతిలో పెట్టి, "నానెల్లలేను చెల్లీ, నువ్వే కొండ కాడ ఎట్టీసి రా" అంది.

అప్పది అనకాపల్లి దగ్గర శంకరం. ఊరి పక్క కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు. వాళ్ళుండే చోటు సంఘారామం. ఆ మాటే జనం నోళ్ళలో నలిగి శంకరం అయిందంటారు. భిక్షువులు పోయారు, వాళ్ళెవరో ఊరు మరిచిపోయింది. కొండ మీద బొజ్జలా ఉన్న దిబ్బని చూసి రాక్షసుడనుకున్నారు. కనుమనాడు వెళ్ళి రాళ్ళు రువ్వేవారు. చిన్నప్పుడు అప్ప కూడా పరికిణీ నిండా రాళ్ళు ఏరుకుని వెళ్ళింది. అన్నీ విసిరాక ఒక్కటి మడతలో ఉండిపోయి ఇంటికొచ్చింది. ఆ కొండ ఎవరిదో తర్వాత బళ్ళో మాస్టారు చెప్పారట.

"మనూరికి పేరిచ్చినోల్నే రాళ్ళెట్టి కొట్టాం చెల్లీ" అనేది, గొంతు తగ్గించి.

పెళ్ళయ్యాక ఆవిడ పెట్టెలో ఆ రాయి కూడా రాష్ట్రం దాటి మా గార్డెన్ రీచ్ పేటకి చేరింది. బొట్టు పెట్టలేదు, పూజ చెయ్యలేదు. దుమ్ము మాత్రం తుడిచేది. ఆదివారాలు మా సందులో పిల్లలకి అక్షరాలు నేర్పేది. తమ ఊరి పేరు, ఆ పేరెలా వచ్చిందో చెప్పనివాడికి జంతిక లేదు. "ఊరి పేరు మర్సిపోతే రేపు నువ్వూ రాయి ఇసుర్తావురా!" అని బెదిరించేది. ఆ జంతికలకి నూనె ఎక్కువ, ఉప్పు తక్కువ. అయినా ఎవరూ మానలేదు.

రాయి తిరిగి కొండ దగ్గర పెట్టొద్దామని ఒకసారి ఊరికి టికెట్టు తీస్తే భర్త మంచాన పడ్డాడు. ఇంకోసారి తీస్తే ఆవిడే బాత్రూంలో జారిపడింది.

"బుద్ధుడు కోపం పెట్టుకునే రకం కాదప్పా" అన్నాను.

"ఆయన్ని సూసి నాకు బయ్యం ఏటే? మర్సిపోయే మనోల్ని సూసే బయ్యం."

అప్పుడు నవ్వాను. ఇప్పుడు రాయి నా దగ్గరుంది, నవ్వు లేదు. కొండ సంగతి దేవుడెరుగు, మా మెట్లే ఎక్కలేకపోతున్నాను. నా తర్వాత ఇది ఎవరిదో చెప్పేవాళ్ళెవరు? ఇదే నగరంలో అటు చివర న్యూ టౌన్ నుంచి వచ్చిన మనవరాలిని కూర్చోబెట్టి కథంతా చెప్పాను. "కొరియర్ చేసేద్దాం అమ్మమ్మా" అంది.

"అడ్రసేం రాస్తావే? కేరాఫ్ రాక్షసుడు అనా?"

నిన్న సాయంత్రం గాలివాన. తలుపు టపటపా కొట్టుకుని, ఉన్నట్టుండి ఆగిపోయింది. వెళ్ళి చూస్తే, తలుపుకి అడ్డంగా ఆ రాయి.

"ఏటే ఇది?" నా గొంతు నాకే కొత్తగా, అప్ప గొంతులా వినిపించింది.

"ఏమైంది అమ్మమ్మా? తలుపు కొట్టుకుంటోందని పెట్టాను. రాయే కదా!"

వంగి తీసుకున్నాను. తడిసి చల్లగా ఉంది. కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తలుపు మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.