ఒక్కో వంపు తగ్గిన నలభై టీషర్టులు

దెయ్యాలు ఉన్నాయా లేవా అని వాదించుకునే తీరిక మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ లేదు. మాది రాజమండ్రిలో బట్టల కొట్టు. పొద్దున్నే షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా బతికున్న మనుషులతోనే సరిపోతుంది. ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపించిందని ఎవరైనా చెబితే, ముందు చెవులు చూపించుకోండి అనే రకం నేను. ఇప్పటికీ అదే రకం. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను.

చూసింది చూసినట్టు రాస్తాను. ఎవర్నీ నమ్మమని అడగను.

చదువు అయ్యాక నేను సొంతంగా స్ట్రీట్‌వేర్ బ్రాండ్ పెడతానన్నాను. వదులు భుజాలు, మందపాటి నూలు బట్ట, మోచేతి దాకా వచ్చే చేతులు, అలాంటి టీషర్టులు. పేరు కూడా పెట్టేశాను: పంటు. నరసాపురం రేవులో జనాన్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు అన్నమాట. మా నాన్న ఆ పేరు విని, "ప్యాంట్లు అమ్ముతావా?" అన్నారు. నమూనా టీషర్టు చూపిస్తే దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇది ఎవరి కొలతమ్మా? ఇద్దరు దూరొచ్చు. పైగా మన ఎండలకి ఇంత మందమా?" అన్నారు.

ఆయన వద్దనలేదు. కొట్టు మేడ మీద గది ఇచ్చారు. ఒక ఏడాది ఇచ్చారు. ఏడాది చివర్లో కాకినాడలో రెండు రోజుల ఎగ్జిబిషన్ ఉంది. అక్కడ జనం నా సరుకు కొంటే ఇక ఆయన మాట్లాడరు. కొనకపోతే సోమవారం నుంచి నేను కౌంటర్లో చీరలు విప్పి చూపించాలి. ఒప్పందం ఇదీ. చీరలంటే నాకు చిన్నచూపు లేదు. కానీ ఆ కౌంటర్లో ఒకసారి కూర్చున్నానంటే మళ్ళీ లేవనని నాకు బాగా తెలుసు.

టీషర్టు ఎవరైనా కుట్టొచ్చు. నాది అని గుర్తుపట్టాలంటే ఏదో ఉండాలి కదా. వీపు మీద నరసాపురం లేసు పెడదామనుకున్నాను. టేబుల్ మీదా సోఫాల మీదా వేసే లేసు కాదు. జానెడు వెడల్పున్న ఒక పెద్ద పువ్వు. పన్నెండు రేకులు, ఒక్కో రేకు అంచున ఐదు చిన్న వంపులు.

నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో సుబ్బాయమ్మ గారని ఉన్నారు. అరవై దాటి ఉంటుంది వయసు. లేసులో ఒక పువ్వు ఒక్క మనిషి చెయ్యదు. రేకులు ఇరుగు పొరుగు ఆడవాళ్ళు తలా కొన్ని అల్లుతారు. వాటిని కలిపి, చుట్టూ అంచు వరస వేసి పువ్వు చేసేది ఇంకొకరు. దాన్ని అతుకుపని అంటారు. ఆ ఊళ్ళో అతుకుపని అంటే సుబ్బాయమ్మ గారే. ఆవిడ అతుకు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో వెతికినా దొరకదు.

మొదట ఆరు నమూనాలు ఇచ్చారు. నేను లెక్కపెట్టాను. ప్రతి పువ్వులోనూ ఒక రేకుకి నాలుగే వంపులున్నాయి. పొరపాటేమో అనుకుని చూపించాను. ఆవిడ నవ్వారు.

"దిష్టికమ్మా అది. అన్నీ సరిగ్గా కుదిరితే కళ్ళు పడతాయి. మా అత్తగారు నేర్పింది. ఒకటి తగ్గిస్తాను."

ఇన్నేళ్ళుగా ఎక్స్‌పోర్టు సరుకు చేస్తున్నారు కదా, ఏజెంట్లు ఊరుకున్నారా అని అడిగాను.

"వాళ్ళెప్పుడూ చూళ్ళేదమ్మా. లెక్కపెట్టింది నువ్వే."

నాకు కోపం వచ్చింది. ఏడాదంతా నేను తూకం, కొలత, కుట్టు, ఉతికితే కుదింపు అని ప్రాణాలు తీసుకుంటుంటే, ఇక్కడ కావాలని తప్పు పెడుతున్నారు. నాకు దిష్టి తగిలినా ఫరవాలేదు గానీ వంపులు మాత్రం ఐదుండాలన్నాను. ఒక్కటి తగ్గినా వెనక్కి పంపిస్తానన్నాను. అక్కడే కూర్చుని ఆ ఆరు పువ్వులూ ఆవిడ చేత విప్పించి మళ్ళీ వేయించాను. ఆ ఆరూ వేసేసరికి సాయంత్రమైపోయింది. వచ్చేటప్పుడు, "సరేనమ్మా, నీ ఇష్టం. చేతికి అలవాటు తప్పించాలి" అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నా తీరు నాకే బాగోలేదు. అప్పుడు మాత్రం గెలిచాననుకున్నాను.

నలభై పువ్వులు వచ్చాయి. నేను ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. అన్నిటికీ అన్ని రేకులకీ ఐదేసి వంపులు. మా టైలరు వాటిని టీషర్టుల వీపు మీద కుట్టాడు. లేసు లేచిపోకుండా ఒక్కో వంపు దగ్గర ఒక్కో టాకా వెయ్యమన్నాను కాబట్టి పువ్వుకి అరవై టాకాలు. ఇస్త్రీ అయ్యాక మళ్ళీ చూశాను. వెబ్‌సైట్ కోసం ప్రతిదానికీ నంబరు చీటీ పెట్టి వీపు ఫొటో తీశాను. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం కొట్లో ప్యాకింగ్. నాన్న దగ్గరుండి నలభై టీషర్టులూ తీసి చూశారు. సాయం చెయ్యడానికి కాదు, తప్పు పట్టడానికి. నలభై ఏళ్ళు బట్ట పట్టిన చేతులు ఆయనవి. చీరలో ఒక పోగు తప్పినా కళ్ళు మూసుకుని చెబుతారు. అన్నీ చూసి, "పని బాగుంది" అన్నారు. అంతకుమించి మెచ్చుకోలు ఆయన నోటి నుంచి రాదు.

రెండు అట్టపెట్టెల్లో సర్దాం. సరుకు ఊరు దాటుతుంటే నాన్న పెట్టె మీద టేపు అంటించి, సగం టేపు మీదా సగం అట్ట మీదా పడేలా సంతకం పెడతారు. దారిలో ఎవరైనా విప్పితే సంతకం కలవదు. ఆ రోజూ పెట్టారు. షట్టరు దించి తాళం వేశాం. తెల్లారి ఆ పెట్టెలనే వ్యానులో మా కాళ్ళ దగ్గర పెట్టుకుని కాకినాడ వెళ్ళాం. బోణీ తన చేత్తో చెయ్యాలని ఆయన కూడా వచ్చారు.

స్టాల్లో పెట్టె విప్పింది నాన్నే. టేపు కొయ్యబోయే ముందు అలవాటుగా సంతకం చూసుకున్నారు. కలిసింది. మొదటి టీషర్టు తీసి వీపు మీద చెయ్యి పెట్టి ఆగిపోయారు.

"శ్రావణీ, ఇటు రా."

కింద ఎడమవైపు రేకు. నాలుగు వంపులు.

ఒకటి ఎలాగో నా కళ్ళు కప్పిందనుకున్నాను. రెండోది తీశాను. నాలుగు. మూడోది, నాలుగోది. రెండో పెట్టె కూడా విప్పేశాం. నలభైకి నలభై అంతే. ఒక్క క్షణం మా నాన్ననే అనుమానించాను. నన్ను కౌంటర్లో కూర్చోబెట్టడానికి ఆయనే ఏదో చేశారనుకున్నాను. ఈ సంగతి ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. కానీ ఆయన మొహం చూస్తే నాకంటే తెల్లబోయి ఉంది.

ఫోనులో పాత ఫొటోలు తెరిచి పక్కన పెట్టి చూశాం. ఫొటోల్లో ఐదున్నాయి. చేతిలో ఉన్నదాంట్లో నాలుగున్నాయి. ఫొటోలో చీటీ నంబరూ, టీషర్టు ట్యాగు మీద నంబరూ ఒకటే. నాన్న కళ్ళజోడు పెట్టుకుని టాకాలు లెక్కపెట్టారు. యాభై తొమ్మిది. అరవయ్యో టాకా ఉండాల్సిన చోట బట్టకి సూది దిగిన గుర్తు కూడా లేదు. ఇంత మందపాటి బట్టలో టాకా విప్పితే చిల్లు కనబడాలి. టైలరుకి ఫోన్ చేస్తే, "ఆయ్, అరవైయే వేశానండి, లెక్క తప్పితే మీరు ఊరుకుంటారా?" అన్నాడు.

జనం వచ్చేస్తున్నారు. పక్క స్టాళ్ళ వాళ్ళు పాటలు పెట్టేశారు. పెట్టెలు కట్టేసి వెళ్ళిపోతే అడిగేవాళ్ళు లేరు. సోమవారం కౌంటరు ఎలాగూ ఉంది. నాన్న నాకేసి చూసి ఒక్కటే మాట అన్నారు.

"మన కొట్లో లోపం దాచి అమ్మం. చెప్పి అమ్ముతాం. చెప్పగలవా?"

భయం ఉంది. ఏడుపూ వస్తోంది. దానికంటే ఎక్కువగా ఒళ్ళు మండిపోయింది. ఏడాది పాటు నేను చేసినదాన్ని, ఎవరో ఏమిటో తెలియనిది ఒక్క పూటలో మార్చేసి, నన్ను ఇంటికి పంపించేస్తుందా? అట్టపెట్టె మూత చింపి మార్కరుతో పెద్ద అక్షరాల్లో రాశాను: ప్రతి పువ్వులోనూ ఒక వంపు తక్కువ. దిష్టి తగలకుండా. దాన్ని టేబుల్ ముందు నిలబెట్టాను.

మొదట ముగ్గురు కాలేజీ అమ్మాయిలు వచ్చారు. "నిజంగానే అన్నిట్లో ఉందా అక్కా?" అని ఒక్కొక్కటీ తీసి వెతకడం మొదలుపెట్టారు. ఇద్దరు కొన్నారు. మూడో అమ్మాయి సాయంత్రం వాళ్ళ అన్నయ్యని వెంటబెట్టుకొచ్చింది. రెండో రోజు మధ్యాహ్నానికి ముప్ఫై తొమ్మిది అయిపోయాయి. ఒకటి నేనే దాచాను.

దిష్టి తీసేయడం వల్లే అమ్ముడుపోయాయని మా పిన్ని అంటుంది. నేను ఒప్పుకోను. బట్ట మంచిది, కుట్టు గట్టిది, రెండు రోజులు గొంతు పోయేదాకా అరిచింది నేను. ఆ లెక్కలో ఇంకెవరికీ వాటా ఇవ్వను. సోమవారం నాన్న కౌంటర్లో ఆయనే కూర్చున్నారు. నేను దాచిన ఆ ఒక్కటీ తీసుకుని నరసాపురం వెళ్ళాను.

సుబ్బాయమ్మ గారు ఎండ వైపు తిరిగి కూర్చుని చాలాసేపు చూశారు. వేలితో అంచు వెంట తడిమారు. తిరగేసి లోపలి వైపు చూశారు. తర్వాత టీషర్టు నా ఒళ్ళో పెట్టేసి చేతులు పమిటలో దాచుకున్నారు.

"నేను చెయ్యలేదు తల్లీ. నువ్వు చెప్పినట్టే ఐదు వేసి పంపించాను. కానీ చెయ్యి మాత్రం నాదే. దారం అలా దాచేది నేనొక్కదాన్నే."

ఆవిడ భయపడ్డారు. నటన కాదు. వాళ్ళ కోడలు రత్నం ఇంకో మాట చెప్పింది. ఆ శనివారం పొద్దున్న అత్తగారికి కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి, అన్నం కూడా తనే కలిపి పెట్టాల్సి వచ్చిందట. దీనికి నేను ఏ అర్థమూ అంటగట్టను. ఏళ్ళ తరబడి లేసు సూది పట్టిన వేళ్ళు ఎప్పుడైనా ముడుచుకుపోవచ్చు. చెప్పింది చెప్పినట్టు రాశానంతే.

నేను పట్టు వదల్లేదు. అలా మార్చడం ఎలా సాధ్యమో నేర్పమన్నాను. చివరి ముడి నుంచి అంచు విప్పుకుంటూ ఆ రేకు దాకా రావాలి, ఒకటి తగ్గించి మళ్ళీ చివరి దాకా అల్లుకుంటూ పోవాలి. విడిగా ఉన్న పువ్వు మీద నాకు ఒక పూట పట్టింది. సుబ్బాయమ్మ గారికే అరగంట పైన పట్టింది. అది టీషర్టుకి కుట్టేసి ఉంటే, టాకాలన్నీ విప్పి మళ్ళీ వెయ్యాలి. అలాంటివి నలభై, తాళం వేసిన కొట్లో, సంతకం చెదరని పెట్టెల్లో.

వచ్చేముందు ఆవిడకి క్షమాపణ చెప్పాను. ఇక మీదట మీ అలవాటు ప్రకారమే వెయ్యండి అన్నాను. అప్పటి నుంచి ప్రతి పువ్వులోనూ ఒక వంపు తగ్గించే పంపిస్తున్నారు. పంపించినవి పంపించినట్టే ఉంటున్నాయి. మళ్ళీ ఏమీ జరగలేదు.

పంటు నడుస్తోంది. ఇప్పుడు పదకొండు మంది లేసు వాళ్ళు పనిచేస్తున్నారు. ఏ టీషర్టు నంబరు కొట్టినా రేకులు అల్లిందెవరో, అతికిందెవరో పేర్లు కనబడేలా వెబ్‌సైట్ మార్చాను. లేసు చేసినవాళ్ళ పేరు ఇన్నాళ్ళూ ఎవరూ ఎక్కడా రాయలేదు, నేను రాస్తాను అని పట్టుబట్టాను. మొదటి నలభైకి కూడా సుబ్బాయమ్మ గారి పేరే పెట్టబోతే ఆవిడ ఫోన్లోనే ఆపేశారు.

"వాటికి వద్దమ్మా. నేను చేసినవి నీ దగ్గరికి చేరాయి. అవతలివాళ్ళు కొన్నవి నేను చేసినవి కావు."

ఎవరైనా ఒకటి నుంచి నలభై లోపు నంబరు కొట్టి చూడండి. రేకులు అల్లినవాళ్ళ పేర్లున్నాయి, కుట్టిన టైలరు పేరుంది. అతుకుపని అన్న చోట ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. ఖాళీగానే వదిలేశాను.