తేరువీధిలో మేడ

వజ్రమ్మ పోయి చాలాకాలమైనా, తలుచుకుంటే తిన్నె మీద కాలు మడిచి కూర్చున్న మనిషే కళ్ళముందుకు వస్తుంది. తిరువళ్ళూరు తేరువీధిలో ఆమె మామగారు ఇంటి ముందు అరుగులా కట్టించిన తిన్నె అది. భాగాలు పంచుకున్నప్పుడు ఇంటికి నడిమిగోడ పెట్టారు. తిన్నె ఉన్న సగం పెద్దకోడలు వజ్రమ్మకు, బోసి వాకిలి ఉన్న సగం చిన్నకోడలు కాంచనకు వచ్చాయి. అది తలుచుకుంటే వజ్రమ్మకు కడుపు నిండేది.

పంతొమ్మిది వందల యాభై ఏడులో కాంచన మేడ కట్టాలనుకుంది. తేరువీధిలో ఇంటి ముందుభాగం మార్చాలంటే పంచాయతీ బోర్డు అనుమతి కావాలి. పక్కింటివాళ్ళు అభ్యంతరం లేదనాలి. ఆ పక్కిల్లు వజ్రమ్మది.

"అక్కా, నువ్వు ఊ అంటే సాలు," అంది కాంచన వచ్చి.

వజ్రమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. "మేడెందుకే? ఉండేది మొగుడూ పెండ్లామే గదా. కింద గాలాడక సస్తా ఉండారా?"

"తేరొచ్చినప్పుడు సామి మొగం కనపడతాది గదక్కా. కిందనించి యాడ కనపడతాది, చక్రాలు తప్ప?"

వజ్రమ్మ చేయి చేటలోనే ఆగిపోయింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ తేరు తన వాకిట్లో ఆగుతోంది, హారతి తనే ఇస్తోంది. అయినా స్వామి ముఖం నిండుగా చూసిందే లేదు. అంతెత్తున, దండల చాటున, ఒక మెరుపు, అంతే. మొన్న కే.జీ.కండిగై నుంచి కోడలిగా వచ్చిన ఈ పిల్లకు స్వామి కిటికీలోకి వచ్చి కనిపిస్తాడా?

ఒప్పుకోనని మాత్రం అనలేదు. బోర్డు మనిషి విచారణకు వస్తే, "నాకేం అడ్డం లేదు సామీ. తేరుకి తగల్తాదేమోనని బయం. వెదురు పట్టించి సూడండి," అంది.

అది ఆ వీధి ఆచారం. తేరు వెడల్పుకు సరిపడా వెదురును ఇద్దరు అడ్డంగా పట్టుకుని వీధి పొడుగునా నడుస్తారు. దేనికి తగిలితే దాన్ని కొట్టేయాలి. ఒకసారి పట్టాక ఎవరి మాటా చెల్లదు.

వెదురు కాంచన వాకిలి దాటి సాఫీగా వచ్చేసింది. వజ్రమ్మ తిన్నె మూలకు టక్కున తగిలి ఆగింది. మామగారి మీది గౌరవంతో ఇన్నేళ్ళూ తేరును అక్కడ కాస్త పక్కకు తిప్పి లాగేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

"కొట్టేయాల్సిందేనమ్మా," అన్నాడు బోర్డు మనిషి.

"వదిలేయండి సామీ. నాకోసరం పోయి మాయక్క తిన్నె పోగొట్టుకుంటా ఉంది," అంది కాంచన. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో వజ్రమ్మకు ఎన్నటికీ తేలలేదు.

తిన్నె పోయింది. మేడ లేచింది. చిత్తిర నెలలో తేరు నాడు కాంచన పైనుంచి పిలిచింది. "అక్కా, పైకి రా. సామి ఈడికే వస్తా ఉండాడు."

"హారతి ఎవురిస్తారే, మీ యమ్మా?" అంటూ వజ్రమ్మ బోసి వాకిట్లోనే నిలబడింది.

తేరు ఆగింది. వీధిలో చేతులన్నీ పైకి లేచాయి. వజ్రమ్మ కూడా పళ్ళెం ఎత్తింది కానీ, చూపు మేడకిటికీ మీదే ఉండిపోయింది. అక్కడ కాంచన ముఖం మీద స్వామి నగల వెలుగు ఆడుతోంది. కర్పూరం కొండెక్కేదాకా వజ్రమ్మ ఆ ముఖాన్నే చూసింది. ఏటా దక్కే ఆ మెరుపు కూడా ఆ ఏడు ఆమెకు దక్కలేదు.