పెద్దమ్మ పాలు

మా పెద్దమ్మ కాళ్లు ఒక్కరోజులో పడిపోలేదు. మొదట చెప్పులు అరగడం మొదలైంది, అదీ ముందువైపు. కొత్తవి కొన్న కొన్నాళ్లకే బొటనవేలి దగ్గర బొక్క పడేది. ఆమె చెప్పులు కుట్టేవాడిని తిట్టింది, అమ్మినవాడిని తిట్టింది. తన కాలే నేలమీద ఈడ్చుకుపోతోందని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ తరవాత మోకాళ్లు బిగుసుకున్నాయి. నడుస్తుంటే ఒక కాలికి ఇంకో కాలు అడ్డం వచ్చేది.

వాళ్లది పలమనేరు పక్క పల్లె. ఇంట్లో ఆవులుండేవి. తెల్లారకముందే పాలు పితికి పాలకేంద్రానికి పోయడం పెద్దమ్మ పని. కర్ర పట్టుకుని నడిచే రోజుల్లో కూడా ఆ పని ఎవరికీ వదల్లేదు. చిత్తూరులో చూపించారు, సరిహద్దు దాటి అరవదేశంలో పెద్దాసుపత్రిలో చూపించారు. వెన్నులో నరాలు దెబ్బతిన్నాయి, కారణం తెలియదు అన్నారు. ఊళ్లోవాళ్లకు మాత్రం కారణాలు బోలెడు తెలుసు. ఒకరు చేతబడి అన్నారు, ఒకరు పుట్ట తవ్వించిన పాపం అన్నారు. నాకు ఒళ్లు మండేది.

ఆమె నాకు వట్టి పెద్దమ్మే అనలేను. నేను పుట్టగానే మా అమ్మకు సన్నిపాత జ్వరం వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే పెద్దమ్మకు పుట్టిన బిడ్డ పోయింది. మా అమ్మమ్మ ఇంకేమీ ఆలోచించకుండా నన్ను తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టిందట. మూడేళ్లు దాటేదాకా ఆమె పాలే తాగాను. నా చేత మాన్పించడానికి పెద్దమ్మ వేపాకు నూరి రొమ్ముకు పూసుకుందనీ, నేను ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే తట్టుకోలేక బావి దగ్గరికి పోయి తానే కడుక్కుని వచ్చిందనీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వని పండగ లేదు. "కడుక్కోకుంటే ఏం జేసేది? వీధంతా వచ్చి నిలబడినారు" అని పెద్దమ్మ కూడా నవ్వేది.

ఎనభైల్లో నేను తిరుపతిలో పరిశోధక విద్యార్థినిని. మా ప్రొఫెసరు గారికి కొత్త విషయమంటే చెవి కోసుకునేంత ఇష్టం. జన్యువులు ఎలా తెరుచుకుంటాయి, ఎలా మూసుకుంటాయి అన్నదే మా చదువు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. ఏది ఎప్పుడు తెరవాలో, ఏది మూసి ఉంచాలో తెలియడంలోనే కణం బతుకంతా ఉంది. రోగాలతో పోరాడే తెల్లకణం మామూలప్పుడు తన మానాన తానుంటుంది. పిలుపు వస్తే పెరుగుతుంది, పని అయ్యాక తగ్గుతుంది. ఇదంతా నాకు లెక్కల పుస్తకంలా హాయిగా ఉండేది, ఆ వేసవిదాకా.

విదేశీ పత్రికలు మా లైబ్రరీకి నెలలు ఆలస్యంగా వచ్చేవి. అప్పటికి నాకు కూతురు పుట్టి నాలుగో నెల. బిడ్డను మా అమ్మకు అప్పగించి, పాలకు టైమయ్యేలోపు ఇల్లు చేరుకోవాలని గబగబా చదివేదాన్ని. అలా చదువుతుండగా మనుషుల్లో కొత్తగా కనిపెట్టిన ఒక రెట్రోవైరస్ గురించి కంటపడింది. అది తెల్లకణంలో దూరి, తన రాతను తిరగరాసి, మన జన్యువుల వరసలో తానూ ఒకటై కూర్చుంటుంది. అక్కడ కూర్చుని ఒక ప్రొటీన్ చేయిస్తుంది. ఆ ప్రొటీన్ వైరస్ జన్యువులనే కాదు, కణం మూసి పెట్టుకున్న సొంత జన్యువులను కూడా తెరుస్తుంది. పెరగమని పిలిచే పదార్థాన్నీ, ఆ పిలుపును అందుకునే దాన్నీ కణం తానే తయారు చేసుకుంటుంది. ఇక బయటినుంచి ఎవరూ పిలవనక్కర్లేదు. చాలామందిలో ఏళ్ల తరబడి ఏమీ జరగదట. కొందరికి కాన్సరు వస్తుందట. ఇంకొందరికి కాళ్లు మెల్లమెల్లగా బిగుసుకుపోతాయట.

అది తల్లిపాలలో బిడ్డకు చేరుతుందని కూడా రాశారు. ఎక్కువకాలం తాగిన బిడ్డకు ముప్పు ఎక్కువ కావచ్చని అనుమానించారు.

నా రవిక తడిసిపోయి ఉంది. ఇంట్లో పాప పాలకు ఏడుస్తూ ఉంటుందని తెలుసు. కుర్చీలోంచి లేవలేకపోయాను. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

ఆ సాయంత్రమే పాలు మాన్పించాను. మా అమ్మ నన్ను చెడామడా తిట్టింది, చదువుకుని మతి పోయిందంది. డబ్బా పాలు పాపకు పడలేదు. సీసా నోట్లో పెడితే తల అటూ ఇటూ తిప్పుతూ నా రొమ్ము కోసం వెతికేది. నేనూ వేపాకు నూరి పూసుకున్నాను. అది చేదుకు మొహం చిట్లించి, నా కళ్లలోకి చూసి, ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కడుక్కోలేదు.

రక్తపరీక్ష మా దగ్గర లేదు. ప్రొఫెసరు గారు తనకు తెలిసిన ప్రయోగశాలకు పంపుతానన్నారు. నాదీ, పెద్దమ్మదీ కావాలి. పలమనేరు వెళ్లాను. ఏం చెప్పాలో బస్సులో దారంతా ఆలోచించుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే, ఆమె నడుముకు ఎప్పుడూ వేలాడే తాళాలగుత్తే దారి చూపించింది.

"ఒక పురుగు ఉంటాది పెద్దమ్మా, కంటికి కనపడదు. ఇంట్లోకి వచ్చి ఏమీ ఎత్తుకుపోదు. ఇంటామె నడుముకుండే తాళాలగుత్తి లాక్కుంటాది. బియ్యం, పప్పులుండే ఉగ్రాణం గది ఎప్పుడు పడితే అప్పుడు తెరుస్తాది. చుట్టాలొచ్చినారు వండండని తనే కేకేస్తాది, తనే వండుతాది. చుట్టాలూ ఉండరు, వంటా ఆగదు."

ఆమె గుత్తిని చేత్తో పట్టుకుని చూసుకుంది.

"అది నాలో ఉండాదంటావా?"

"ఉండాదో లేదో సూడాల. అందుకే రక్తం."

"యాడినించి వచ్చింది?"

"మీ అమ్మ పాలల్లోనించి వచ్చుండొచ్చు" అన్నాను. ఆమె చెయ్యి చాపింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

కొన్నాళ్లకు పెదనాన్న తిరుపతికి వచ్చాడు. మనిషి దిగులుగా ఉన్నాడు. "పాపా, మీ పెద్దమ్మ పాలు పితకడం మానేసింది. దూడను కూడా ముట్టుకోవడంలే. నేను కూర్చుంటే ఆవు సేపడంలేదు, పాలు ఇడవకుండా తంతా ఉండాది. పాలకేంద్రానికి పొయ్యను పాలే లేవు. ఏం జెప్పినావు ఆమెకి?"

నేను వెంటనే బయలుదేరాను. పెద్దమ్మ పశువుల కొట్టానికి ఎడంగా, అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన తన గ్లాసు, తన కంచం వేరుగా పెట్టుకుంది. పొదుగు వాచిన ఆవు పాలను వాళ్లు మిగతా పాలలో కలపరు, విడిగా పారబోస్తారు. ఆ ఆవును పితికిన చేత్తో ఇంకో ఆవును ముట్టరు. ఆమె తనను తాను ఆ లెక్కలో వేసుకుంది. ఊరందరి పిల్లలు తాగే పాలను తన చెయ్యి పాడు చేస్తుందని, ఎవరూ చెప్పకుండానే పక్కకు తప్పుకుంది.

"నీ చేతుల్లో ఏమీ లేదు పెద్దమ్మా. గ్లాసులో లేదు, ముట్టుకుంటే రాదు" అని ఒట్టేసి చెప్పాను. ఆమె గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి చూపించాను.

"అయితే పాలల్లో ఒక్కదాంట్లోనేనా?" అంది మెల్లగా.

తల వంచుకున్నాను. ఆవు పొదుగుకు, తన చేతికి సంబంధం లేదని ఆమె ఒప్పుకుంది. లేచి, కర్ర ఊతంతో కొట్టంలోకి పోయి, దూడను విప్పింది. ఆవు ఆమె చెయ్యి తగలగానే చేపింది. చెంబులో పాలధార చప్పుడు వింటూ నేను అరుగు మీదే కూర్చున్నాను. ఆమె అడిగిన ప్రశ్న ఆవు గురించి కాదు.

ఫలితం వచ్చిన రోజు ప్రొఫెసరు గారు నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "ఇద్దరికీ ఉందమ్మా" అన్నారు. "ఉన్నంత మాత్రాన జబ్బు రావాలని లేదు" అని కూడా అన్నారు. అది నిజమే. ఇన్నేళ్లయినా నా కాళ్లు బాగానే ఉన్నాయి. అయినా ఇప్పటికీ పొద్దున మంచం దిగేముందు కాలివేళ్లు ఒకసారి కదిలించి చూసుకుంటాను. చెప్పులు ముందువైపు అరిగాయా అని తిరగేసి చూస్తాను. నా కూతురికి మాత్రం అది సోకలేదు. ఆ సంగతి దానికి నడక వచ్చాక, మాటలు వచ్చాక తేలింది. పెద్దమ్మకు ఫలితం చెప్పడానికి వెళ్లిననాటికి నాకదేమీ తెలియదు.

ఆ రోజు పాపను చంకనేసుకుని వెళ్లాను. దారిలోనే అబద్ధం సిద్ధం చేసుకున్నాను.

"నీకుండాది పెద్దమ్మా. నాకు లేదు. నీ పాలతో నాకేమీ కాలేదు."

ఆమె మొహంలో వెలుగు వస్తుందని ఎదురుచూశాను. ఆమె నన్ను చూడలేదు, పాపను చూసింది. పాప ఆకలికి పిడికిలి చీకుతోంది. నేను సంచిలోంచి సీసా తీస్తున్నాను.

"నీకు లేకుంటే సీసా ఎందుకు? పాలియ్యి బిడ్డకి."

"ఎండిపోయినాయి పెద్దమ్మా."

ఆమె సీసా తాను తీసుకుని, పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని పట్టించింది. బిగుసుకుపోయిన ఆ కాళ్ల మీద పాప సుఖంగానే తాగింది.

"మాన్పించేటప్పుడు ఏడ్సిందా?"

"చాలా ఏడ్చింది."

"వేపాకు పూసుకుంటివా?"

"ఆఁ."

"కడుక్కోలేదే?"

"లేదు."

సీసా ఖాళీ అయ్యేదాకా ఆమె పాప మొహం మీంచి చూపు తిప్పలేదు. తరవాత కొంగుతో దాని మూతి తుడిచింది.

"మంచి పని జేసినావు" అంది. "నేను కడుక్కున్నా."