టేపు కింద పేరు

కార్నివాల్ పండుగ మంగళవారం ఎల్ ఆల్తో నగరంలోని మెకానిక్ షెడ్లలో ఎవరూ బోల్టు విప్పరు. పనిముట్లు గుడ్డ మీద పరిచి, బీరు చల్లి, భూమాతకు మొక్కుకుంటారు. మెకానిక్ పనిలో చేరి నెలైనా కాని ఎలోదియాకు ఇదే మొదటి మొక్కు. అందరి ముందూ తళతళలాడే సెట్లున్నాయి. ఆమె ముందున్నవి రెండు స్పానర్లు, గాలి ఒత్తిడితో నట్లు విప్పే ఎయిర్ గన్ ఒకటి, సంతలో కొన్న పాతది.

ఆ గన్ ఊరికే కొన్నది కాదు. గాలి పెట్టించి, ఎక్కడైనా లీకవుతోందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తుప్పుపట్టిన లారీ నట్టు విప్పించి చూసింది. పిడికి చుట్టిన నల్ల టేపు ఒక్కటే విప్పలేదు.

మేస్త్రీ ఫౌస్తినో గన్ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"మంచి సరుకే. టేపు తీసి నీ పేరు గీసుకోమ్మా. పేరు లేనిదానికి బీరు చల్లం."

ఆమె టేపు విప్పింది. కింద మేకుతో గీసిన పేరు కనబడింది: ఫౌస్తినో.

"నాకు తెలీదు మేస్త్రీ. సంతలో కొన్నాను."

"తెలుసులే. ఇది ఎవరో ఎత్తుకుపోయి రెండేళ్లయింది." ఆయన దాని మీద బీరు చల్లి, తన గుడ్డ మీద పెట్టుకున్నాడు. "మంచిది ఏరడం నీకు వచ్చు. ఈసారి టేపు కూడా విప్పి చూడు."