నేను తలుపు పట్టని రోజు

ఆ రోజుల్లో తలుపంటే ఏముంది, తీసుకుని వెళ్ళడం, వేసుకుని రావడం, అంతే అనుకునేదాన్ని. దానికీ ఒక మర్యాద ఉంటుందనీ, ఆ మర్యాద చెయ్యడానికి ఒకరూ చేయించుకోవడానికి పదిమందీ ఉంటారనీ, డెబ్బైల్లో కోరాపుట్‌లోని ఒక ఆఫీసులో (పేరు చెప్పను, చెప్పినా వాళ్ళు ఒప్పుకోరు) టైపిస్టుగా చేరేదాకా నాకు తెలీదు. తెలిశాక ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మా ఆఫీసుకి అద్దం బిగించిన స్ప్రింగు తలుపు ఉండేది. కొండచలి లోపలికి రాకుండా పెట్టించారు. బయటినుంచి లాగి తెరవాలి, వదిలితే ధడేలుమని మూసుకుంటుంది. ఆఫీసరుగారి జీపు ఆగే వేళకి ఎవరి చెయ్యి తలుపు మీద ఉంటే వాళ్ళు, ఆయనా, ఆయన వెనక వచ్చేవాళ్ళూ అందరూ లోపలికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడాలి. నా ఖర్మకొద్దీ నేనెక్కే సునాబెడ బస్సూ ఆ జీపూ రోజూ ఒకేసారి వచ్చేవి. ఆఫీసరుగారు, గుమస్తాలు, కంట్రాక్టర్లు, దసమంతపూర్ నుంచి అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళు, ఒకసారైతే ఎవరి చంకలోనో ఒక కోడిపుంజు, అందరూ నా ముందునుంచే దర్జాగా వెళ్ళేవారు. ఒక్కరూ నా మొహం చూసేవారు కాదు (పుంజు చూసింది). జనం మరీ ఎక్కువైన రోజున, నా చెయ్యి ఖాళీ అయ్యేసరికి హాజరు పుస్తకం లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. నా పేరు పక్కన ఎర్ర గీత!

మూడో గీత పడ్డ రోజున హెడ్డు గుమస్తాగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తాతలు జయపురం సంస్థానంలో కొలువు చేసినవాళ్ళు కాబట్టి అందరం ఆయన్ని దివాణం తాతగారనేవాళ్ళం. మర్యాదల విషయంలో ఆయన మాటే చట్టం.

“తాతగారూ, తలుపు పట్టుకున్నందుకే కదండీ ఆలస్యమయింది?”

“సూడమ్మీ, తలుపు పట్టడం మరియాద. ఎర్ర గీత రూలు. రెండింటికీ సుట్టరికం ఏటి?” అన్నారాయన, ముక్కుపొడుం పీలుస్తూ. “నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు. నాలుగోది పడిందా, పర్మనెంటు మాట మర్సిపో.”

సునాబెడ క్వార్టర్స్‌లో మా అన్నయ్య దగ్గర ఉండేదాన్ని. వాడు ఇంకా నయం. “ఉజ్జోగం పోతే బొబ్బిలి బస్సెక్కించేత్తాను. ఇంట్లో కూకుని అప్పడాలొత్తుకుందువు గాని” అన్నాడు. మొదటి జీతంతో కొనుక్కున్న చెప్పులు ఇంకా కొత్తగానే ఉన్నాయి. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. ఉద్యోగం పోనివ్వను, తలుపు మాత్రం పట్టను, ఏం చేసుకుంటారో చేసుకోండి అనుకున్నాను.

మర్నాడు ముసురు. బస్సు దిగాను, జీపు ఆగింది. తలుపు లాగాను. వెనక ఆఫీసరుగారి బూట్ల చప్పుడు. చెయ్యి అలవాటుకొద్దీ ఆగబోయింది. “ఛీ, వదులూ” అని నన్ను నేనే తిట్టుకుని వదిలేశాను. ధడేల్! తిన్నగా వెళ్ళి సంతకం పెట్టేశాను, నీలం సిరాతో.

అప్పుడు చూద్దును కదా, అద్దం అవతల ఆఫీసరుగారు తలుపుని భుజంతో తోస్తున్నారు! మూడేళ్ళలో ఏనాడూ ఆయన ఆ తలుపు ముట్టుకోలేదు పాపం, లాగాలని తెలీదు. లోపలివాళ్ళు తెరుద్దామంటే తలుపు ఆయన ముక్కుకి తగులుతుంది. అందుకని లేచి నిలబడి అద్దంలోంచే దండాలు పెడుతున్నారు. వెనకాల గొడుగు పట్టిన దివాణం తాతగారికి లాగాలని తెలుసు. కానీ పెద్దవారి భుజం మీదనుంచి చెయ్యి చాపడం ఆయన శాస్త్రంలో లేదు. చివరికి నేనే అరిచాను: “టాణొంతు సార్, టాణొంతు!” (లాగండీ అని, ఒడియాలో.)

లాగారు, వచ్చింది. తీరా వచ్చాక వదిలితే వెనకున్న తాతగారికి తగులుతుంది. అందుకని పట్టుకున్నారు. ఆఫీసరు పట్టిన తలుపులోంచి తాతగారు ఎలా వెళ్తారు? “తమరు ముందు దయసెయ్యండి” అంటూ వానలో కొయ్యబారిపోయారు. ఈలోగా నీళ్ళు మోసే ఆవిడ రెండు బిందెలతో ఆ సందులోంచి నింపాదిగా వెళ్ళిపోయింది. ఆవిడ వెనక కంట్రాక్టర్లు, అర్జీలవాళ్ళు. ఒక్కరూ ఆయన మొహం చూడలేదు! తాతగారు చివరికి సైకిళ్ళ షెడ్డు చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి వచ్చారు.

గంట తర్వాత ఆఫీసరుగారు నన్ను పిలిచారు. క్షమాపణ మాత్రం అడగకూడదని ఒట్టు పెట్టుకునే వెళ్ళాను. ఆయన మణికట్టు రుద్దుకుంటున్నారు.

“రోజూ ఎంతసేపు పట్టుకుంటావు?”

“అందరూ వెళ్ళేదాకా సార్. దానికే మూడు ఎర్ర గీతలు పడ్డాయి.”

“ఊఁ, స్ప్రింగు గట్టిదే” అన్నారాయన.

మర్నాటినుంచి ఆఫీసు మొదలయ్యే వేళకి తలుపు మూసుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టేవారు. ప్రొబేషన్ లేకుండానే నా పని దానికి పర్మనెంటయింది. నాకూ అయిందిలెండి, ఆర్నెల్లకి. పాత గీతలు మాత్రం కొట్టెయ్యలేదు, అది రూలట. చలిగాలి కొట్టినప్పుడల్లా తాతగారు శాలువా బిగించుకుని, “ఇదంతా ఈ అమ్మి సేసిందే” అనేవారు. “అవునండీ” అనేదాన్ని.

ఇప్పుడింత గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, ఆవేళ సంతకం పెట్టే కంగారులో నా పేరులో సగం పక్క గడిలోకి పోయింది. ఆ టైపిస్టు పిల్లంటే ఇప్పటికీ నాకు ముద్దే. ఇవాళ ఎక్కడైనా ఎదురైతే, కీళ్ళనొప్పులున్నా సరే, తలుపు తీసి పట్టుకుని నిలబడతాను. అది నా మొహం కూడా చూడదు. హాజరు పుస్తకం ఎక్కడుందా అని లోపలికి పరిగెడుతుంది.